మాచికాయతో ఫోటో కడిగాను

మూలికల అంగడాయన మాచికాయలు తూకం వేస్తూ "పాపకు ఎన్ని నెలలప్పా?" అన్నాడు. కర్నూలులో మాచికాయ అడిగారంటే ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టే లెక్క. అరగదీసి నాకిస్తారు కదా.

"పాపకు కాదన్నా, ఫోటో కడగడానికి" అన్నాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, మారుమాట్లాడకుండా పొట్లం కట్టాడు. అన్నభేది, అదే ఇనుప ఉప్పు, కూడా కొంచెం తీసుకున్నాను.

నాయన స్టూడియోలో ఫోటోలు కడగడానికి వాడింది మెటాల్, హైడ్రోక్వినోన్ అనే మందులు. వాటితో చేసే కోడాక్ వాళ్ళ డి-76 ద్రావణం లెక్క నాకిప్పటికీ నోటికే వచ్చు: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. మెటాలే 1891లో వచ్చింది. అంతకుముందు దేంతో కడిగేవాళ్ళో నాయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

1840లో ఇంగ్లండులో టాల్బట్ అనే ఆయన, వెండి ఉప్పు పూసిన కాగితం మీద కంటికి కనపడని బొమ్మను గాలిక్ ఆసిడ్‌తో పైకి తేల్చాడు. మాచికాయ వగరులోంచి వచ్చేదే అది. దాన్ని వేడిచేస్తే పైరోగాలాల్ వస్తుంది. 1851లో ఆర్చర్ అనే ఆయన, కాగితం బదులు ఫోటోకు వాడిన తన గాజు పలకలకు అది వాడాడు. పైరో ఒంటికి విషం, దాని జోలికి నేను పోలేదు. తర్వాత ఆ పలకల వాళ్ళే, తక్కువ ఎక్స్‌పోజర్ సరిపోతుందని అన్నభేదికి మారారు.

రెండూ మంచివే అయితే కలిపితే ఇంకా మేలు కదా అని అత్యాశకు పోయి, మాచికాయ కషాయంలో అన్నభేది వేశాను. ట్రే కాటుకలా నల్లబడింది. అప్పుడు గుర్తొచ్చింది జేజి మాట. మా జేజినాయన కరణం లెక్కలన్నీ కరక్కాయ, అన్నభేది సిరాతోనే రాసేవాడంట. నేనూ సిరానే కాచుకున్నాను!

రెండోసారి కషాయంలో బట్టల సోడా ఒక్కటే వేశాను. ఎర్ర బల్బు కింద, ఎప్పుడో డేటు దాటిన ఫోటో పేపరు మీద నాయన తీసిన కొండారెడ్డి బురుజు నెగిటివ్ పెట్టి, టార్చి ఒక్క క్షణం వెలిగించి, ట్రేలో వేశాను. ఊపీ ఊపీ చెయ్యి లాగేస్తోంది, బొమ్మ మాత్రం లేదు. ఇరవై నిమిషాలకు బురుజు వాకిట్లో చీకటి కొంచెం తేలింది, వెనకే గోడ. పేపరంతా టీ ఒలికినట్టు రంగెక్కింది.

బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపోలో వేసి, నీళ్ళలో కడిగి ఆరబెట్టి, మర్నాడు అంగడాయనకు చూపించాను. తిప్పి తిప్పి చూసి "బురుజే కదప్పా, మీ తాతలనాటిదా?" అన్నాడు.

నిన్న రాత్రిదన్నా అంటే నమ్మలేదు.