పెడన గుడ్డతో వెర్సాయ్ జాకెట్ కుట్టుకున్నా: నా అనుభవం

మేముండేది ఫ్రాన్సులో, పాత రాజుల వెర్సాయ్ ప్యాలెస్‌కి దగ్గర్లోనే, ఇండియా నించి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్లాలి కాబట్టి ఆ అద్దాల హాలు, బంగారు పూత మంచాలు చూసీ చూసీ నాకు మొహం మొత్తేసింది. కానీ ఆ ప్యాలెస్ తోటలో లోపలికి వెళ్తే పెటిట్ త్రియనాన్ అని ఒక చిన్న భవనం ఉంటుంది, 1774లో పదహారో లూయీ తన భార్య మరీ ఆంటోనెట్‌కి ఇచ్చేశాడు దాన్ని, అక్కడ మాత్రం ఎంతసేపున్నా నాకు విసుగు రాదు. ఆవిడ అక్కడున్నప్పుడు దర్బారు డ్రెస్సులు పక్కన పడేసి తెల్లటి మస్లిన్ గౌన్లు వేసుకుని తిరిగేదట. 1783లో విజే లెబ్రన్ అనే ఆర్టిస్టు రాణిని అలాంటి పల్చటి గౌన్లో, గడ్డి టోపీతో బొమ్మ వేసి పారిస్ ఎగ్జిబిషన్లో పెడితే, రాణిని లోపలి బట్టల్లో చూపిస్తారా అని జనం గోల గోల చేశారు, చివరికి ఆ బొమ్మ తీసేయాల్సి వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య ఇంట్లో ఫ్రెంచ్ రాయల్ స్టైల్ అని బంగారు ఫ్రేముల అద్దాలు, మెలికల కాళ్ల సోఫాలు తెగ కొంటున్నారు, డబల్ బెడ్రూం ఫ్లాట్లో అవి పెడితే నాకైతే రిసెప్షన్ అయిపోయాక ఖాళీ చేయని ఫంక్షన్ హాల్ స్టేజీలా కనిపిస్తుంది. ఇంకో రకం ఉన్నారు, ప్యాలెస్‌లో ఏటా జరిగే ఫెత్ గలాంత్ అనే కాస్ట్యూమ్ పార్టీకి వెళ్తారు, టికెట్టే వందల యూరోలు, డ్రెస్ అద్దె మళ్లీ వేరే. తప్పని కాదు, ఒక్క రాత్రి సరదా. నాకు మాత్రం సోమవారం ఆఫీసుకి వేసుకెళ్లగలిగేది కావాలి, మెషిన్లో కాకపోయినా కనీసం బకెట్లో ఉతుక్కోగలగాలి. అలా చూస్తే ఆ కాలపు బట్టల్లో నాకు పనికొచ్చేవి మూడే కనిపించాయి: కరాకో అనే పొట్టి జాకెట్, కుచ్చుల లంగా, నడుముకి కట్టుకునే జేబులు. లంగాని పక్కలకి గంపల్లా ఉబ్బించే పానియే అనే లోపలి చట్రం జోలికి వెళ్లలేదు, మెట్రో తలుపులో పట్టదు.

గుడ్డ విషయంలో మాత్రం డౌటే లేదు, మన బందరు పక్కనున్న పెడన అద్దకం గుడ్డే, అదే కలంకారీ. ఫ్రెంచ్ వాళ్లకి 1669 నించే మచిలీపట్నంలో వ్యాపార కోఠీ ఉంది. అక్కడి నించి, ఇంకా మిగతా రేవుల నించి వచ్చే అద్దకం గుడ్డల్ని ఇక్కడ ఇండియెన్ అనేవాళ్లు, వాటి మీద జనం ఎంత పిచ్చెక్కిపోయారంటే ఇక్కడి పట్టు, ఉన్ని నేసేవాళ్లు మొత్తుకుంటే 1686లో ప్రభుత్వం వాటిని నిషేధించేసింది. దిగుమతే కాదు, ఇక్కడ అద్దడం కూడా నేరమే. అయినా ఎవరు మానారు, దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి, పదిహేనో లూయీ ప్రియురాలు మదాం ద పాంపదూర్ తన సొంత భవనంలోనే ఆ గుడ్డలతో అలంకరణ చేయించుకుంది. నిషేధం ఎత్తేసింది 1759లో, తమాషా ఏంటంటే అదే ఏడాది ఇంగ్లీషు వాళ్లు ఫ్రెంచ్ వాళ్ల చేతుల్లోంచి బందరు కోట లాగేసుకున్నారు. మరుసటి ఏడు ఓబర్‌కాంఫ్ అనే ఆయన వెర్సాయ్ పక్కనున్న జూయీలో సొంతంగా అద్దకం ఫ్యాక్టరీ పెట్టేశాడు. అక్కడి మ్యూజియంకి వెళ్తే చెక్క అచ్చులు వరసగా పెట్టి ఉంటాయి, పెడనలో మా చిన్నప్పుడు చూసిన అచ్చుల పక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం.

గుడివాడలో అమ్మకి ఫోన్ చేసి పెడన కలంకారీ ఆరు మీటర్లు కావాలి, ఎరుపు నలుపు తీగలు, పూలు చిన్నవిగా ఉండాలి, బొమ్మలూ రథాలూ వద్దు అని చెప్తే "గౌనుకి కలంకారీ ఏంటే, దుప్పటి కట్టుకున్నట్టుంటుంది, మంచి పట్టు పంపిస్తా ఆగు" అంది. ఆవిడతో వాదించలేక ఫోన్ పిన్నికిచ్చేయమన్నా. పిన్ని వెళ్లి కెమికల్ రంగులు కానివి అడిగి మరీ తెచ్చి కొరియర్ చేసింది.

గుడ్డ వచ్చాక మొదటి పని కత్తెర తీయడం కాదు, తడపడం. చల్లటి నీళ్లలో గుప్పెడు ఉప్పేసి నానబెడితే నీళ్లు టీ రంగుకి తిరిగాయి, అది కరక్కాయ. ఈ గుడ్డ పని ఎలా ఉంటుందంటే ముందు కరక్కాయా పాలూ కలిపి నానబెడతారు, తుప్పు ఇనుమూ బెల్లమూ నాననిచ్చిన నీళ్లతో అచ్చు కొడితే ఆ కరక్కాయ తగిలి నల్లగా మారుతుంది, ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లతో కొట్టి తర్వాత రంగు కాగులో ఉడికిస్తే పటిక తగిలినంత మేరే ఎరుపు పట్టుకుంటుంది. పాత కాలంలో ఆ ఎరుపుకి మనవాళ్లు చిరివేరు వాడేవాళ్లు. కూర్దూ అనే జెసూట్ పాదిరీ 1742లో మన దేశం నించి ఇదంతా విడమరిచి ఉత్తరం రాసి పంపాడు. ఆయన తెలుగు, ఫ్రెంచ్, సంస్కృతం కలిపి నిఘంటువు కూడా తయారుచేశాడు, అంటే మనవాళ్లతో తెలుగులోనే మాట్లాడి ఉంటాడని నా ఊహ. సరే, నేను రెండు రోజులు నీళ్లు మారుస్తూ ఉన్నా, మా ఆయన బాత్ టబ్ ఎప్పుడు ఖాళీ అవుతుందని అడుగుతూ ఉన్నాడు.

కటింగ్‌కి గార్సో అనే ఆయన 1769లో దర్జీ పని మీద వేసిన పుస్తకం ఆన్‌లైన్లో ఫ్రీగా దొరుకుతుంది, బొమ్మలు బాగుంటాయి గానీ మన కొలతలకి పనికిరావు, ఐడియా కోసం చూడాలంతే. అప్పట్లో గుడ్డ ఖరీదు, కూలి చవక, అందుకే లంగా కుట్లు పెద్ద పెద్ద టాకాలతో వదిలేసేవాళ్లు, రేపు విప్పి ఇంకోటి కుట్టుకోవచ్చని. నేనూ అలాగే చేశా, నాకూ గుడ్డ ఖరీదే మరి, కొరియర్‌తో కలిపి.

లంగా అన్నిటికన్నా తేలిక. రెండు ముక్కలు, ముందుదొకటి వెనకదొకటి, పక్కల పైన జానెడు కుట్టకుండా వదిలేయాలి. వెనక ముక్క బొందు తెచ్చి ముందు కట్టుకోవాలి, ముందు ముక్క బొందు వెనక్కి తిప్పి కట్టుకోవాలి. లావైనా సన్నబడినా అదే లంగా సరిపోతుంది, జిప్పు లేదు, ఎలాస్టిక్ లేదు. ఆ వదిలేసిన సందుల్లోంచి చెయ్యి పెడితే లోపల విడిగా కట్టుకున్న జేబులు తగులుతాయి, ఒక్కోటి ఎంత పెద్దదంటే ఫోన్, పర్సు, తాళాలు, గొడుగు కూడా పడతాయి. మా నానమ్మ రొండిన దోపుకునే చిల్లర సంచి గుర్తొచ్చింది గానీ ఇది దానికి పది రెట్లుంటుంది. నిజం చెప్పాలంటే మిగతాదేదీ కుట్టకపోయినా పర్లేదు, ఈ జేబులు మాత్రం కుట్టుకోండి, నేను ఇప్పుడు చుడీదార్ లోపల కూడా కట్టుకుంటున్నా.

జాకెట్ దగ్గరే అసలు కథ. వీపు నాలుగు ముక్కలు, ఆ కుట్లు భుజాల దగ్గర దూరంగా మొదలై నడుం దగ్గరికొచ్చేసరికి వేలెడు సందులోకి వచ్చేస్తాయి, దాంతో నడుం ఉన్నదానికన్నా సన్నగా కనిపిస్తుంది, అంతా కంటిని మోసం చేయడమే. ముందు లైనింగ్ ఒంటికి సరిగ్గా కూర్చోబెట్టుకుని దాని మీద పై గుడ్డ పరచుకుంటూ రావాలి. నేను లైనింగ్‌కి లినెన్ వాడా, గుడ్డ బిగువుగా నిలబడడానికి అప్పట్లో పెట్టే తిమింగలం నోటి పలకల బదులు ఎలక్ట్రీషియన్లు వైర్లకి కట్టే ప్లాస్టిక్ కేబుల్ టైలు ముక్కలు కోసి ముందు అంచుల్లో పెట్టా. ఇక్కడ హిస్టారికల్ కుట్టు పనిచేసే వాళ్లలో చాలామంది అదే వాడతారు, కొసలు లైటర్‌తో కరిగించి గుండ్రంగా చేయకపోతే మాత్రం పొడుచుకుంటాయి.

చేతులు మన జాకెట్‌కి ఎక్కించినట్టు గుండ్రంగా ఎక్కించరు. చంక కింద సగం ముందు కుట్టేసి, జాకెట్ తొడుక్కుని, పై సగం మనిషి మీదే మడతలు సర్ది గుండుసూదులు పెట్టి, ఆ మడతల మీద భుజం పట్టీ కప్పి పైనించి కుట్టాలి. ఎవరికి వాళ్లు చేసుకునే పని కాదు. పిన్నులు పెట్టడానికి మా ఆయన్ని పిలిచా, ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, పిన్ను ఎటు వైపు నించి గుచ్చాలి, మడత మిల్లీమీటర్లెంత అని ప్రశ్నలు. "కొంచెం పక్కకి తిరుగు, కాదు చెయ్యి ఎత్తకు, ఎత్తితే మడత పోతోంది" అని ఆయన, "గుచ్చుకుంటోందండీ బాబూ" అని నేను. కానీ కుడి భుజం మడతలు ఎడమ దానికన్నా నీట్‌గా వచ్చాయి, ఆయన పెట్టింది కుడిదే. ముందు భాగం అప్పట్లో ఒట్టి గుండుసూదులతోనే మూసుకునేవాళ్లు, నేను హుక్కులు పెట్టేశా, బస్సులో బ్రేక్ వేస్తే ఆ సూదుల సంగతి ఆలోచించడానికే భయమేసింది.

వేసుకున్నాక తెలిసిందేంటంటే భుజం కుట్టు వీపు వైపుకి ఉంటుంది కాబట్టి లాప్‌టాప్ ముందు గూని పెట్టి కూర్చోవడం కుదరదు, లాగేస్తుంది. మొదటి వారం తిట్టుకున్నా, తర్వాత మెడనొప్పి తగ్గింది. పై అరలో ఫైల్ అందుకోవాలంటే మాత్రం ఇంకెవర్నయినా పిలవాల్సిందే. ఆఫీసుకి జీన్స్ మీద వేసుకుంటా, మెడ మరీ కిందకి ఉంటుంది కాబట్టి పాత మల్లు ఓణీ ఒకటి కోణంగా మడిచి లోపలికి దోపుకుంటా, అప్పటి ఆడవాళ్లూ ఫిషూ అని అలాంటిదే వాడేవాళ్లు. లంగా వీకెండ్‌కే. కొలీగ్స్ ఇండియన్ డ్రెస్సా అని అడుగుతారు, మీదేనండీ పద్దెనిమిదో శతాబ్దంది అంటే నమ్మరు.

ఇప్పుడు మా ఆయనక్కూడా ఒకటి కావాలట. ఆ రోజుల్లో మగవాళ్లు ఇంట్లో అద్దకం గుడ్డతో కుట్టిన పొడుగాటి వదులు అంగీ వేసుకునేవాళ్లు, వచ్చినవాళ్లని దాంట్లోనే కలిసేవాళ్లు, వర్క్ ఫ్రం హోంకి ఇంతకన్నా ఏం కావాలి అంటాడు. దానికి ఐదారు మీటర్లు పడుతుంది. పిన్నికి చెప్పా, ఈసారి నీలం కావాలని, నీలం ఒకే తాను మీద ఆరు మీటర్లు లేదు, రెండు తానుల్లో ఇస్తే రంగు కొంచెం తేడా వస్తుంది పర్లేదా అని షాపతను అడుగుతున్నాడట, వెనక ముక్క ఒక తాను, ముందు ముక్కలు ఇంకో తాను వేసేస్తే సరి, పంపించేయమన్నా.