పుస్తకాల అలమర: 13 గంటల పని, 15 రోజుల ప్లాన్

కొలతలు మిల్లీమీటర్లలో: ఎత్తు 1800, వెడల్పు 800, లోతు 280. సామాను: 18 మి.మీ. ప్లైవుడ్ ఒక షీటు (2440 × 1220), వెనక పలకకు 6 మి.మీ. షీటు. చేతిపని లెక్క: కోత 3 గంటలు, గాడులు రెండున్నర, సాండ్‌పేపర్ 3, జిగురు ఒకటిన్నర, వార్నిష్ 2, వెనక పలక 1. కలిపితే 13. అలాగని రెండు రోజుల్లో అవదు. జిగురూ వార్నిషూ ఆరడానికి పట్టే సమయం మన చేతిలో లేదు. ముందు వాటిని క్యాలెండర్‌లో రాసుకుని, మధ్య ఖాళీల్లో చేతిపని సర్దాలి.

1వ రోజు, శనివారం: కోత పూర్తి. షీటును పొడవునా 280 వెడల్పుతో నాలుగు పట్టీలుగా కోశాం. రెండు పట్టీల్లో పక్క పలకలు, మిగతా రెండింట్లో 776 పొడవున్న అరలు ఆరు వచ్చాయి. రంపం బ్లేడ్ ప్రతి కోతకూ 3 మి.మీ. తినేస్తుంది. షీటు వృథా కాకూడదని లోతు 305 పెట్టుకుంటే మూడు కోతలకు 9 పోయి నాలుగో పట్టీ 296కే వస్తుంది. అప్పుడు ఆ ఒక్క పట్టీ కోసం ఇంకో షీటు కొనాలి. 280 దగ్గర మిగిలిన సన్నపు పట్టీ అడుగు అరకింద అడ్డపట్టీకి సరిపోయింది.

2వ రోజు: రౌటర్‌తో (చెక్కలో గాడి తీసే మిషను) పక్క పలకల్లో 6 మి.మీ. లోతు గాడులు. అరల చివరలు వీటిలోనే కూర్చుంటాయి. 18 అని అమ్మే ప్లైవుడ్ చాలాసార్లు కొంచెం పలచగా ఉంటుంది. అందుకే ముందు తుక్కు ముక్కలో గాడి తీసి, అర అందులో బిగువుగా కూర్చుంటుందో లేదో చూసుకోవాలి.

3 నుంచి 6: సాయంత్రం పనులు. 120, తర్వాత 180, చివర 220 నంబరు సాండ్‌పేపర్. లోపలి వైపులకు రెండు పూతల వార్నిష్, గాడులకు టేపు (వార్నిష్ పడిన చోట జిగురు పట్టదు). బిగించాక మూలల్లోకి చెయ్యి పోదు, ఈ పని ఇప్పుడే అవ్వాలి. సామాను తియ్యడానికీ సర్దడానికీ ప్రతిసారీ అరగంట పోతుంది. గంట మాత్రమే ఉన్న సాయంత్రానికి పూత పెట్టుకోవాలి తప్ప కోత కాదు.

8, 9: జిగురు. అసలు ఇబ్బంది ఇక్కడే. ఆరు అరలకు ముందూ వెనకా కలిపి 12 క్లాంపులు (జిగురు ఆరేదాకా చెక్కల్ని నొక్కి పట్టే బిగింపులు) కావాలి. ఆరే ఉంటే, రెండు అరల మీదుగా పక్క పలకపై మందపాటి చెక్క ఆనించి, మధ్యలో క్లాంపు బిగిస్తే చాలు. తెల్ల జిగురు పది నిమిషాల్లోపే పొర కడుతుంది, ఒక్కరే 12 అతుకులు ముగించలేరు. శనివారం ఒక పక్కకే జిగురు పూసి, రెండో పక్కను పొడిగా ఎక్కించి బిగించాలి. ఆదివారం రెండోది. కర్ణాలు (మూల నుంచి ఎదుటి మూలకు కొలతలు) రెండూ 1970 దగ్గర రావాలి. తేడా 2 మి.మీ. దాటితే జిగురు తడిగా ఉండగానే పొడవైన కర్ణం మీద క్లాంపు వేసి లాగాలి. వెనక పలక మర్నాడే కొడితే మూలమట్టం చెడదు.

11 నుంచి 14: బయట రెండు పూతలు, మధ్యలో 320తో తేలిగ్గా రుద్దుడు.

15: నిలబెట్టడం వరకే. వార్నిష్ తాకితే ఆరినట్టే ఉంటుంది కానీ లోపల గట్టిపడటానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. ఈలోపు పుస్తకాల బరువు పెడితే వాటి అట్టలు అరకు అంటుకుపోతాయి.