చిన్నాన్న, అలిపిరి మెట్లు, ముప్పై అడుగుల లెక్క

మొన్న జనవరిలో మా చిన్నాన్నకి 65 నిండాయి. మన దేశంలో ఆ వయసు వచ్చాక ఎయిర్‌లైన్ విమానం నడపకూడదు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. 60 దాటాక ఆరు నెలలకోసారి జరిగే మెడికల్ ప్రతిసారీ పాసయ్యాడు. ఎయిర్‌ఫోర్స్‌లో ఏఎన్-32 రవాణా విమానం మీద లేహ్‌కి సరుకులు మోసి, తర్వాత ఎయిర్‌బస్ నడిపిన మనిషి తిరుపతి వచ్చి మిద్దె మీద కుర్చీ వేసుకున్నాడు.

తెల్లవారుజామున మూడింటికే లేచి గడ్డం గీసుకుంటున్నాడని పిన్ని చెప్పింది. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, తొడుక్కోకుండా తగిలించేస్తాడట. చెప్తూనే ఏడ్చేసింది.

అందరం ఒకటే మాట: 'ఇంక హాయిగా రెస్ట్ తీసుకో, రోజూ కొండకి పోయి రావచ్చు.' నేనింకా పెద్ద తప్పు చేశాను. విమానాలు చూస్తే మనసు కుదుటపడుతుందని కారులో రేణిగుంట ఎయిర్‌పోర్ట్ దగ్గరికి తీసుకెళ్లాను. ఏటీఆర్ విమానం ఒకటి దిగుతుంటే ఆయన ఎడమచెయ్యి మోకాలి మీద కదిలింది, ఏదో పట్టుకుని మెల్లగా వెనక్కి లాగుతున్నట్టు. ఎయిర్‌బస్‌లో కెప్టెన్‌కి విమానాన్ని నడిపే స్టిక్ ఉండేది ఎడమచేతి పక్కనే. చక్రాలు నేలకి తగిలాక చెయ్యి ఆగింది. 'పోదాం పాపా' అన్నాడు.

దారి దొరికింది మా వాడి వల్ల. తొమ్మిదో తరగతి. 'ఫోన్‌లో బారోమీటర్ ఎందుకు తాతా?' అని అడిగాడు. విమానం కూడా గాలి ఒత్తిడిని బట్టే ఎత్తు చెప్తుందని, ఇక్కడి ఎత్తుల్లో సుమారు 30 అడుగులు పైకెళ్తే ఆ ఒత్తిడి ఒక హెక్టాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) తగ్గుతుందని చిన్నాన్న చెప్పాడు. 'అయితే ఎక్కి చూద్దాం' అన్నాడు వీడు.

శనివారం చీకటితోనే అలిపిరి చేరాం. 3550 మెట్లు. పాదాల మండపం దగ్గర మొదటి రీడింగ్, తర్వాత వంద మెట్లకొకటి. గాలిగోపురానికి వచ్చేసరికి మా వాడు ఆయాసంతో ఒకటి వదిలేశాడు. చిన్నాన్న పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 'అలసిపోయినప్పుడే చెక్‌లిస్ట్ చదవాలి నాయనా. గుర్తుందిలే అనుకున్నప్పుడే పొరపాటు జరిగేది.' ఆ గొంతు నేను విని ఎన్ని నెలలైందో!

పైకి చేరాక మా వాడి నోట్‌బుక్ తీసుకుని గళ్లు గీశాడు. తేదీ, ఎక్కడి నుంచి, ఎక్కడికి, బయల్దేరిన టైం, చేరిన టైం. ఆయన లాగ్‌బుక్‌లో ఉండే గళ్లే. కెప్టెన్ అన్నచోట మనవడి పేరు రాశాడు.

వచ్చే వారం శ్రీవారి మెట్టు అంటున్నారు ఇద్దరూ. చిన్నాన్నకి మోకాలు నొప్పిగానే ఉంది, పిన్ని రాత్రిళ్లు నూనె రాస్తోంది. మూడింటికి లేవడం మాత్రం మానలేదు. అన్నం తినేటప్పుడు పైన విమానం చప్పుడైతే ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. ఇదివరకు మేం గబగబా వేరే మాట ఎత్తుకునేవాళ్లం. ఇప్పుడు చప్పుడు దూరమయ్యేదాకా మేమూ తినడం ఆపేస్తాం.