అమ్మ మందుల చీటీ ఒకటయ్యేదాకా

మా అమ్మకు 72 ఏళ్లు. ఎప్పటినుంచో ఉన్న మధుమేహం, దాని వెంట వచ్చిన రక్తపోటు, ఆ రెండింటివల్ల మందగించిన కిడ్నీలు, ఇవి చాలవన్నట్టు మోకాళ్ల అరుగుదల. గత ఏడాది క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) ఉన్నట్టుండి పెరిగినప్పుడు, ఆమెను చూస్తున్న ముగ్గురు వైద్యుల చీటీలను పక్కపక్కన పెట్టి చదివినవారు ఎవరూ లేరని నాకు అర్థమైంది. మోకాళ్లకు రాసిన నొప్పి మాత్ర, కిడ్నీలు బలహీనపడి రక్తపోటు మాత్రలు కూడా వాడుతున్న మనిషికి హాని చేస్తుందని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

మందులన్నీ ఒక సంచిలో వేసుకుని, ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ, షుగర్ లాంటి అంటువ్యాధులు కాని జబ్బులను చూసే ఎన్‌సీడీ క్లినిక్‌కు తీసుకెళ్లాను. ఈ జబ్బుల కోసం 2010లో మొదలైన జాతీయ కార్యక్రమాన్ని 2023లో ఎన్‌పీ-ఎన్‌సీడీ అనే కొత్త పేరుతో విస్తరించి, దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధినీ అందులో చేర్చారు. అయితే లక్ష్యాలను ఇప్పటికీ జబ్బుల వారీగానే పెడుతున్నారు: 2025 నాటికి బీపీ, షుగర్ ఉన్న 7.5 కోట్ల మందికి ప్రామాణిక చికిత్స అందించాలన్నారు గానీ, ఆ రెండూ ఒకే ఒంట్లో ఉండి వాటికి మరో రెండు తోడైన మనిషి గురించి ఆ లెక్క ఏమీ చెప్పదు.

అక్కడి వైద్యురాలు ఓపికగా ఒక్కొక్క మాత్రా చూశారు. నొప్పి మాత్ర ఆపేశారు, కిడ్నీల వడపోత తగ్గినందున షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గించారు, మిగిలినవన్నీ ఒకే కాగితం మీద రాశారు. ఆరోగ్య రికార్డులను ఒకచోట కలిపే 14 అంకెల ఆభా సంఖ్యను అమ్మకు తీసుకున్నాం గానీ, ప్రైవేటు ఆసుపత్రి రిపోర్టులు అందులోకి చేరలేదు. బీపీ, షుగర్ మాత్రలు క్లినిక్‌లో ఉచితంగా ఇస్తున్నారు. కిడ్నీ వైద్యుని ఫీజు, పరీక్షల ఖర్చు మాత్రం మావే. 70 ఏళ్లు నిండినవారందరికీ 2024లో ప్రకటించిన ఏటా 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ భారత్ బీమా రక్షణ ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకే వర్తిస్తుంది. ఆసుపత్రి పాలు కాకుండా నెలనెలా మందులతో నిలదొక్కుకునే మనిషికి ఆసరా ఇవ్వని పథకాన్ని సంపూర్ణమని నేను అనలేను.

పోయిన నెల మోకాళ్ల వైద్యుడు మళ్లీ నొప్పి మాత్ర రాయబోతుంటే అమ్మ ఆ కాగితం తీసి ముందు పెట్టింది. ఆయన దాన్ని పూర్తిగా చదివి, మాత్ర రాయడం మానేసి, పైపూత మందు పేరును అదే కాగితం మీద చేర్చారు.