పొగగొట్టం తీసిన చోట

పరాయి దేశంలో పైకప్పుల పనిలో చేరాక పెద్ద పెద్ద ఇళ్లకు కప్పులు మార్చాం. అయినా నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చిన్నది. వాడకం మానేసిన కట్టెల పొయ్యి గొట్టం తీసేసి, ఆ కన్నం మూయడం. చిన్న పని కదా అని చాలామంది లెక్కచేయరు. కానీ కొత్త కప్పు వేసేవాడికి ఉన్న స్వేచ్ఛ అతుకు వేసేవాడికి ఉండదు. ఎప్పుడో ఎవరో చేసిన పని వరస పట్టుకుని దాంట్లోకి దూరాలి.

గొట్టం ముట్టుకునే ముందు మా సీనియర్ ఇంటివాళ్లను రెండు సంగతులు అడుగుతాడు. బాయిలరో వాటర్ హీటరో కూడా ఇదే గొట్టంలోకి పొగ వదులుతోందా? అలా ఉంటే పని ఆపాల్సిందే. ఆపకుండా గొట్టం తీసేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకే వస్తుంది. రెండోది, ఇల్లు ఎప్పటిది? పాత ఇళ్లలో ఆ గొట్టమో, దాని చుట్టూ చుట్టినదో ఆస్బెస్టాస్ అయి ఉండొచ్చు. దాన్ని కోయకూడదు, విరగ్గొట్టకూడదు. ఆ పని తెలిసినవాళ్లను పిలవాలి. వలస వచ్చినవాడు నోరెత్తడులే అని మాస్కు కూడా ఇవ్వకుండా కోయించేవాళ్లు ఉంటారు. ఆ దుమ్ముతో వచ్చే జబ్బు బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టొచ్చు. అప్పటికి ఆ పని చేయించినవాడు ఎక్కడుంటాడు? కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: అనుమానం వస్తే కిందికి దిగిపో, ఆ రోజు కూలి పోయినా సరే.

గొట్టాన్ని పైనుంచి కిందికి విప్పుతాం. లోపల క్రియోసోట్, అంటే కట్టెల పొగ వదిలిన జిగట మసి, నల్లగా పేరుకుని ఉంటుంది కాబట్టి ముందే కింద ప్లాస్టిక్ కట్టేస్తాం. తర్వాత ఫ్లాషింగ్ రేకు (గొట్టం పక్కనుంచి నీళ్లు దిగకుండా పెట్టేది), చుట్టూ ఉన్న షింగిల్స్ (కప్పు మీద పెంకుల్లా వరసగా పరిచే తారు పలకలు) మేకులు తీస్తాం. గడ్డకట్టే చలిలో షింగిల్స్ ఎత్తితే పగులుతాయి, మండే ఎండలో చిరుగుతాయి. కన్నంలో పెట్టే అతుకు చెక్క, షింగిల్స్ కింద ఉన్న పాత చెక్క మందమే ఉండాలి, దాని అంచులు వాసాల మీద కూర్చోవాలి. కన్నం చిన్నదైతే వాసాల దాకా పెంచి కోస్తాం.

మా సీనియర్ కూడా వేరే దేశం మనిషే. ఇద్దరికీ ఇక్కడి భాష అంతంతమాత్రం. అసలు కిటుకు ఆయన మాటల్లో చెప్పలేదు. రెండు అరచేతులు ఏటవాలుగా పెట్టి, పైచేతి వేళ్లు కిందిచేతి మీదికి వచ్చేలా ఆనించి, నీళ్లు ఎటు జారతాయో చూపించాడు. కొత్త పొర పై అంచు పాతదాని కిందికి పోవాలి, కింది అంచు పాతదాని మీదికి రావాలి. షింగిల్స్ కింది వరస నుంచి పైకి, కింది వరస సందుల మీద పై వరస సందులు పడకుండా వేయాలి. ఈ వరస తప్పాక ఎంత నల్ల జిగురు పూసినా ఎండకూ మంచుకూ అది పగిలి తీరుతుంది.

కప్పు మూసి దిగిపోయేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఇంటి సీలింగులో ఇంకో కన్నం ఉంది కదా! గదిలోని వెచ్చటి తేమ గాలి దాంట్లోంచి అటకెక్కి, చల్లటి చెక్కకు తగిలి నీళ్లవుతుంది. కప్పు కారుతోందని ఇంటివాళ్లు ఫోన్ చేస్తారు, కప్పేమో బాగానే ఉంటుంది. అందుకే అక్కడా గాలి దూరకుండా మూసి, పైన ఇన్సులేషన్ (ఇంటి వేడి బయటికి పోకుండా ఆపే పొర) పరుస్తాం.

చివర్లో ఒకరు పైపుతో నీళ్లు వదులుతారు, ముందు కింది వైపు, తర్వాత మెల్లగా పైకి. ఇంకొకరు టార్చితో అటకలో కూర్చుంటారు. కొత్త షింగిల్స్ రంగు పాతవాటితో కలవదు, ఆ మాట ఇంటివాళ్లకు పని మొదలుపెట్టకముందే చెప్పేస్తాం.