తొట్టి కొనేముందు మీ ఇంటి నీళ్లు చూడండి

చాలామంది చేపను చూసి ముచ్చటపడి, దానికోసం తొట్టి వెతుకుతారు. ముందు చూడాల్సింది ఇంట్లో వచ్చే నీళ్లు. బకెట్ అంచున తెల్లటి చారలు కట్టే బోరు నీళ్లైతే గప్పీ, మోలీ, ప్లాటీ హాయిగా బతుకుతాయి. నియాన్ టెట్రా అమెజాన్ మెత్తని నీళ్ల (ఖనిజాలు తక్కువున్న నీళ్ల) చేప, బోరు నీళ్లలో నీరసిస్తుంది. పోనీ అని ఉత్త ఆర్వో నీళ్లు పోయకండి. ఖనిజాలుండవు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి) నిలవదు. బోరు నీళ్లలో కలిపి వాడండి.

గుండ్రటి గాజు గిన్నె ఏ చేపకీ ఇల్లు కాదు. ఫైటర్ చేప పైకొచ్చి గాలి పీల్చగలదు కాబట్టి అందులో రోజులు ఈడుస్తుంది, అంతే. దానికీ 15 నుంచి 20 లీటర్లు కావాలి. గోల్డ్‌ఫిష్‌కైతే రెండడుగుల తొట్టి కూడా చాలదు.

మొదటి తొట్టి 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే మేలు. సుమారు 50 లీటర్లు పడుతుంది. గాజు, గులకరాళ్లతో కలిపి బరువు 70 కిలోలు దాటుతుంది కాబట్టి స్టాండు గట్టిగా, సమంగా ఉండాలి. కింద థర్మోకోల్ షీటు తప్పనిసరి. అడుగున చిన్న రాయి నలుసు ఉన్నా అక్కడే గాజు పగులుతుంది.

చేపల చావులు ఎక్కువగా మొదటి నెలలోనే. చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని మరో విషమైన నైట్రైట్‌గా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకూ చేపలు లేకుండానే ఫిల్టర్ నడిపిస్తూ బ్యాక్టీరియా కోసం రోజూ చిటికెడు మేత వేయండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకొచ్చి నైట్రేట్ కనిపించాకే నాలుగైదు చేపలు వదలండి. పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ. బోరు నీళ్లలో పీహెచ్ తరచూ ఎక్కువే ఉంటుంది కాబట్టి ఆ నీళ్లవాళ్లు ఇక్కడ అస్సలు తొందరపడకూడదు. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన తొట్టిలోంచి పాత స్పాంజి ముక్క తెచ్చి ఫిల్టర్‌లో పెడితే రోజులు తగ్గుతాయి.

స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన మగ్గు నీళ్లలో రెండుమూడుసార్లు పిండితే చాలు. గోధుమరంగు మడ్డి దిగాలి, స్పాంజి తెల్లగా మెరవక్కర్లేదు.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. పైపుతో రాళ్ల మధ్య మడ్డిని కూడా లాగేయండి. మున్సిపల్ నీళ్లైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే పోయాలి. లైటు 6 నుంచి 8 గంటలు దాటితే గాజుకు పచ్చటి పాకుడు పడుతుంది.

మొక్కలు కావాలంటే వాలిస్నేరియా బోరు నీళ్లకు బాగా ఒప్పుతుంది. అనుబియాస్‌కి మాత్రం లావుపాటి అడ్డకాండం రాళ్లలో పూడ్చొద్దు, కుళ్లిపోతుంది. నూలుదారంతో రాయికి కట్టేస్తే వేళ్లు వాటంతటవే పట్టుకుంటాయి.