నల్లబడితే ఏమవుతుంది?

"ఎండలో ఆడకు, నల్లబడతావు అని నువ్వే అంటావుగా అమ్మా. మరి బీచ్‌కి ఎందుకు? అయినా నల్లబడితే ఏమవుతుంది?" సముద్రం ఒడ్డున వారం సెలవులు అనగానే మా అమ్మాయి వేసిన ప్రశ్న ఇది. నా దగ్గర ఉన్న జవాబులన్నీ మా పెద్దవాళ్లవే. ఒక్కటీ బయటికి చెప్పేలా లేదు.

ఎండతో జాగ్రత్త కావాలి. కారణమే వేరు. మన రంగు చర్మం కమలడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. కమలకుండా ఉండదు. యూవీ ఇండెక్స్ (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే అంకె) 3, ఆపైన ఉంటే ఎవరికైనా రక్షణ అవసరం. దాన్ని వేడిని బట్టి అంచనా వేయలేం. చల్లగాలి వీచే రోజు పిల్లలకు చురుక్కుమనదు, గదికి వచ్చాక గానీ భుజాలు మండవు. గడియారం చూడమంటే వినరు కాబట్టి నీడ చూసుకోమనండి: నీడ తమకంటే పొట్టిగా ఉంటే గొడుగు కిందికి రావాలి. ఇది అమ్మ మాట కాదు కాబట్టి వింటారు.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు మనం ఎస్‌పీఎఫ్ అనే రక్షణ అంకె దగ్గరే ఆగిపోతాం. ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. తేడా వచ్చేది పూసే మోతాదులో. పెద్దవాళ్ల ఒంటికంతా ఒకసారికి 30 మిల్లీలీటర్ల పైనే కావాలి. విమానం క్యాబిన్ బ్యాగులో చాలాచోట్ల అనుమతించే 100 మిల్లీలీటర్ల సీసా మూడుసార్లకు సరి. పెద్ద సీసా చెక్-ఇన్ పెట్టెలో వేయండి. బయటికి వెళ్లే ముందు ఒకసారి, తర్వాత రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ. చెవుల వెనక, పాదాల మీద, పాపిట తీసిన చోట మర్చిపోతాం. పొడుగు చేతుల ఈత చొక్కా కొంటే సగం పూత తప్పుతుంది. తడిసిన కాటన్ టీషర్ట్‌ను నమ్ముకోకండి.

ఈత దుస్తులు లేత నీలంలో ముద్దుగా ఉంటాయి, నీళ్లలో కనబడవు. నియాన్ నారింజ కొనండి, ఫొటోలో ఎబ్బెట్టుగా ఉన్నా సరే.

అసలు భయపడాల్సింది నీళ్లకే. విరిగే అలల మధ్య ఒక్క పట్టీ మాత్రం నున్నగా, ముదురు రంగులో కనిపిస్తే, అక్కడ నీరు లోపలికి లాగుతున్నట్టే. అలలు లేవు కదా అని మనం సరిగ్గా అక్కడే పిల్లల్ని దింపుతాం. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. తేలుతూ చెయ్యి ఊపాలి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. చాలా దేశాల్లో ఎరుపు-పసుపు జెండాల మధ్య లైఫ్‌గార్డు కాపలా ఉంటుంది. గది బుక్ చేసే ముందే ఆ బీచ్‌లో లైఫ్‌గార్డు ఏ నెలల్లో, ఎన్ని గంటల వరకు ఉంటారో కనుక్కోండి. మునిగే పిల్లలు కేకలు వేయలేరు. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి, ఫోన్ లేకుండా. ఈ చివరిమాట రాయడానికి నాకేం అర్హత ఉందో మా ఇంట్లో అడగొద్దు.

విదేశాల్లో ఉండే మనలాంటి వాళ్లకు కాగితాల సంగతి క్లుప్తంగా: పిల్లలది పుట్టిన దేశపు పాస్‌పోర్టు, మనది భారతీయ పాస్‌పోర్టు అయితే వాళ్లకు వీసా అక్కర్లేని చోటికి మనకు కావాల్సి రావచ్చు. టికెట్ల కంటే ముందు అది చూడండి. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. అమ్మానాన్నల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి అనుమతి లేఖ పెట్టుకోండి, ఇంటిపేర్లు వేరైతే జనన ధృవపత్రం నకలు కూడా.

ఇక ఊరికి ఫోన్. ఊరికి రావాల్సిన సెలవుల్లో వారం కోసి సముద్రానికి ఇచ్చామంటే అమ్మమ్మ, తాతయ్య ఏమీ అనరు. అదే బాధ. తర్వాత ఫొటోలు పంపుతాం. "పిల్ల ఇంత నల్లబడిందేంటే?" అన్నది మొదటి మాట అవుతుంది. ఫోన్ స్పీకర్లో ఉంటుంది, పిల్ల పక్కనే ఉంటుంది, నా వైపే చూస్తుంది.